ఒక్కరోజు మాత్రమే తెలిసినవాడు

"పది నిమిషాలు," అన్నాడు సీఐ మహేశ్వర్. "పది ఇరవై అయింది. పది ముప్పైకి లేస్తవ్ వీరన్నా. సాయంత్రం అయిదులోపల వీణ్ని మేజిస్ట్రేట్ ముంగట నిలబెట్టాలె."

వీరయ్య తలూపి కుర్చీ లాక్కున్నాడు. ఎస్సైగా రిటైరై నాలుగేళ్లయింది. సూర్యాపేటలో ఒక గది కిరాయికి తీసుకుని, పోలీసులు వదిలేసిన కేసులు, తొందరపడిన కేసులు అడిగినవాళ్లకు చూసిపెడుతుంటాడు. మహేశ్వర్ కొత్తగా కొలువులో చేరినప్పుడు అతనిచేత మొదటి పంచనామా రాయించింది వీరయ్యే. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుంది. ఇద్దరూ ఎత్తరు.

ఎదురుగా బెంచీ మీద ఏసుబాబు కూర్చుని ఉన్నాడు. ఇరవై ఆరేళ్లవాడు, ట్రాక్టర్ మెకానిక్. గోళ్ల సందుల్లో గ్రీజు ఇంకా పోలేదు.

గరిడేపల్లిలో సాంసన్ మాస్టారి ఇంటి గేటుకు జూన్ ఇరవై ఏడు నుంచి జూలై ఇరవై నాలుగు వరకు ఏడుసార్లు, తెల్లారేసరికి ఒక సంచి తగిలించి ఉంది. అందులో ఒక వస్తువు. గాజులు, దువ్వెన, కాటుక డబ్బీ, అట్లాంటివి. దానితోపాటు కంప్యూటర్ మీద కొట్టిన ఉత్తరం. పేరు ఉండదు. 'నా పెళ్లికూతురా' అని మొదలవుతుంది. మాస్టారికి ఒక్కతే కూతురు, నవనీత. ఏడో ఉత్తరం చివర ఇట్లా ఉంది: 'నెల రోజులు కాచిన. ఇగ కాయను. ఈసారి నీ దగ్గరికే వస్త. మన కథకు ముగింపు నేనే తీస్త. ఆ తర్వాత నిన్ను ఎవ్వరూ చూడరు.'

ఏసుబాబు మాస్టారి చెల్లెలి కొడుకు. నవనీతను చేసుకుంటానని అడిగాడు. ఆమె కాదంది. జూలై ఇరవై అయిదు నుంచి అతణ్ని రోజూ స్టేషన్‌కు పిలుస్తున్నారు. ఆరోజు నుంచి ఎనిమిదో ఉత్తరం రాలేదు. ఇవాళ ఆగస్టు ఆరు. మేనల్లుడు అట్లాంటివాడు కాదని నమ్మి వీరయ్యను పిలిపించింది సాంసన్ మాస్టారే.

"నీ జేబుల టికెట్లు దొరికినయట, ఆ సినిమా ఎన్నిసార్లు సూసినవ్?" అడిగాడు వీరయ్య.

"నాలుగుసార్లు సార్."

"ఏముంది దాంట్ల?"

"ఒకడు ఒక పిల్ల ఎంబడి పడతడు. ఆమె వద్దంటది. ఎత్కపోయి ఇంట్ల పెట్టి తాళమేస్తడు."

"నాలుగుసార్లు సూసేటంత ఉందా?"

ఏసుబాబు నేలవైపు చూశాడు. "నవనీత కాదన్నంక ఇంటికి పోతే మా అమ్మ మొఖం సూడాలె. షెడ్డుకు పోతే తోటోళ్లు నవ్వుతరు. మిర్యాలగూడకు పోయి హాల్ల కూసుంటే మూడు గంటలు ఎవ్వడు పలకరియ్యడు. గాడ గా ఒక్క బొమ్మనే ఆడుతుండె. వేరేది ఆడితే వేరేదే సూస్తుంటి."

"ఆఖర్ల ఏమైతది?"

"వాడు సస్తడు సార్. సచ్చేటప్పుడు ఎంబడి ఒక్కడు గూడ ఉండడు. గది సూసినంకనే లేసి బస్టాండుకు పోయేది."

"నవనీత గురించి నీకు తెలిసింది చెప్పు."

"ఏం చెప్పాలె?"

"ఏదైనా."

"చర్చిల రెండో వరుసల నిలవడి పాడుతది. పాట ఎత్తుకునేముందు రెండుసార్లు గొంతు సవరిస్తది. బల్లిని సూస్తే భయం. సైకిల్ మీదకెల్లి పడ్డప్పుడు ఎడమ మోకాలికి కుట్లు పడ్డయి. చిన్నప్పుడు బలపాలు తింటుంటే మా మామ కొట్టిండు." అతను ఆగాడు. "ఇంకా చెప్పాల్నా?"

"చాలు."

వీరయ్య జేబులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచాడు. రాత్రి తన గదిలో కూర్చుని ఏడు ఉత్తరాల్లోని గంటలూ నిమిషాలూ ఏరి వరుసగా రాసుకున్న కాగితం.

"మహేశ్వర్, జర గిది సూడు. మొత్తం పంతొమ్మిది టైములున్నయి. '4.10కి ఆవులించినవ్.' '6.22కి అద్దంల సూసుకొని నాలుక బయట పెట్టినవ్.' '8.05కి ఆకుపచ్చ పట్టుచీర కుచ్చిళ్లు సరిగ రాలేదని కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నవ్.' ఆఖరుది 1.40. ఒక్కటి గూడ ఇంకోదానికి అడ్డం రాదు."

"అయితే ఏంది?"

"నెలరోజులు కావలి కాసినోడు రాసినవి కావు ఇవి. అన్నీ ఒక్కరోజు సంగతులు. వానికి ఆ పిల్ల పొద్దుగాల నాలుగు నుంచి పగటీలి ఒంటిగంట నలభై దాక, గంతే తెలుసు. ఏసుబాబుకు ఇరవై ఏండ్లు తెలుసు. బల్లి సంగతి, మోకాలి సంగతి ఒక్క ఉత్తరంల లేదు."

మహేశ్వర్ కాగితాన్ని ముట్టలేదు. "ఆకుపచ్చ పట్టుచీరే లేదంటది ఆ పిల్ల. పిచ్చోడు కూసొని కల్పిస్తుండు. నాలుగో ఉత్తరం సదివినవ్ గద? 'నువ్వు లోపల దాక్కొని ఎవరినో బయటికి పంపుతున్నవ్' అంటడు. ఇంట్ల ఉన్నదే ఒక్క పిల్లాయె. దానికేమంటవ్?"

"పిచ్చోడు అబద్ధం రాయడు. కండ్లకు కనవడ్డదే రాస్తడు."

"వీరన్నా, రిటైరైనోళ్లు మనుమలను ఆడిచ్చుకోవాలె."

"నాకు మనుమలు లేరు."

మహేశ్వర్ గడియారం చూసుకున్నాడు. "పది ముప్పై ఒకటి. నిమిషం ఎక్కువనే ఇచ్చిన."

వీరయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచాడు.

గరిడేపల్లి చేరేసరికి పదకొండున్నర. మాస్టారు బడికి పోయాడు. నవనీత తలుపు సగం తీసి, మనిషిని చూసి, మొత్తం తీసింది. ఏడో ఉత్తరం వచ్చినప్పటి నుంచి ఆమె గేటు దాటలేదు. చర్చికి కూడా పోవడం మానేసింది. మాట్లాడేముందు రెండుసార్లు గొంతు సవరించుకోవడం వీరయ్య గమనించాడు.

"ఉత్తరంల రాసిన గది ఏది బిడ్డా?"

"ఇదే సార్. నీలం గోడ, అద్దం మీద నెమలి స్టిక్కరు. అన్నీ సరిగ్గ రాసిండు. గందుకే భయమయితుంది."

"కిటికీలకెల్లి సూస్తే అద్దం కనవడుతదా?"

"కనవడదు. సీఐ సారుకు గూడ చెప్పిన. లోపలికొస్తేనే కనవడుతది."

వీరయ్య గదిలో నాలుగు మూలలూ చూశాడు. పైన గోడ అంచుకు మేకు కొట్టి తీసిన గుర్తు కొత్తగా ఉంది. దాని కింద సున్నం రాలి, గోడకు పెద్ద బల్బు వేడి తగిలినట్టు ఒకచోట నీలం రంగు పాలిపోయింది.

"గీడ పెద్ద లైటు ఎవరు కట్టిన్రు?"

"అది పెండ్లికి, సార్."

"ఎవరి పెండ్లికి?"

"అఖిలది. ఎనక ఇంటి యాదయ్య మామ బిడ్డ. వాళ్లది రేకుల ఇల్లు. ఫొటోలు మంచిగ రావు, మేడ ఉన్న ఇల్లయితే బాగుంటదని కెమెరా ఆయన అన్నడు. నాన్న మన ఇల్లు తీసుకోండ్రి అన్నడు. పెండ్లిపిల్లను చేసుడు, తయారు చేసుడు అంతా ఈ గదిలనే. డ్రోన్ గూడ మా ఇంటి మీదనే ఎగరేసిన్రు."

"ఏ తారీఖు?"

"మే పద్దెనిమిది."

"ఆ పిల్ల చీర ఏం రంగు?"

నవనీత అద్దం వైపు తిరిగింది. "ఆకుపచ్చ," అంది. "కుచ్చిళ్లు నేనే పట్టిన సార్. కుదరక ఏడ్చింది. నాకెందుకు యాదికి రాలేదు?"

"నీకే రాసిండనుకున్నవ్ గనక. ఆషాఢంల ఆ పిల్ల ఏడున్నది?"

"మాకు ఆషాఢం ఉండదు సార్, ఎప్పుడో గూడ తెల్వది. అది మీకే గద."

వీరయ్య మంచం అంచున కూర్చున్నాడు. మాస్టారిది క్రైస్తవుల ఇల్లు. గోడకున్న చర్చి క్యాలెండరులో ఆదివారాలే ఎర్రగా ఉన్నాయి. ఆషాఢం ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో ఈ ఇంట్లో ఎవరూ లెక్కపెట్టరు. వీరయ్యకు లెక్క తెలుసు. పెళ్లయిన ఏడాది అతని భార్య ఆత్మకూరులోని పుట్టింటికి పోతే, ఆషాఢం ముప్పై రోజులూ వేళ్ల మీద లెక్కబెట్టాడు. ఆమె పోయి ఆరేళ్లయింది. ఇప్పుడు లెక్కబెట్టేందుకు ఏమీ లేదు.

"మొదటి సంచి జూన్ ఇరవై ఏడు. అది ఆషాఢం రెండో రోజు. ఆఖరుది జూలై ఇరవై నాలుగు, అమాస. కొత్త పెండ్లిపిల్ల తల్లిగారింటికి వచ్చే నెల అది. వాడు ఆమె పుట్టిల్లు ఇదే అనుకున్నడు. నెల దాటినంక అత్తగారింటికి పోయిందనుకొని ఆపేసిండు. పోలీసులకు భయపడి కాదు."

నవనీత వెనక ఇంటివైపు వేలు చూపింది. "నెలంతా అఖిల ఎనక ఇంట్లనే ఉండె సార్. గొర్ల దొడ్డి ఊడ్సుకుంట. వాడు మా గేటు కాడ నిలవడ్డడు. బయటికి పోయింది నేను..."

"నువ్వు పెండ్లిపిల్లవు కావు. గందుకే 'ఎవరినో పంపుతున్నవ్' అన్నడు. ఒక్కమాట చెప్పు. ఆరోజు నాలుగు గంటలకెల్లి ఒంటిగంట నలభై దాక ఆమెను ఇడిసిపెట్టకుండ సూసిందెవరు?"

"ఎవ్వరూ లేరు. నేనే నడుమ పోయి స్నానం చేసొచ్చిన. వాళ్లమ్మ వంటల కాడ ఉండె." ఆమె మళ్లీ గొంతు సవరించుకుంది. "కెమెరా ఒక్కటే."

యాదయ్య కాలువ గట్టు వెంట గొర్లను మేపుతూ దొరికేసరికి ఒంటిగంటయింది. కెమెరా వాళ్లది కోదాడ అని చెప్పి, అంగీ జేబులు వెతికి స్టూడియో చీటీ తీసిచ్చాడు. కూతురి నంబరు అడిగి తన ఫోన్ నుంచి చేశాడు వీరయ్య. మోగి ఆగిపోయింది.

"మిర్యాలగూడల మిల్లు పక్కన ఇల్లు సారూ. పగటిపూట ఆ సప్పుడుల వినవడదు. నిన్ననే మాట్లాడింది, మంచిగనే ఉన్నది," అన్నాడు యాదయ్య. "అయినా కొత్తోళ్లను లోపలికి రానిచ్చే పిల్ల గాదు."

ఒంటిగంట పదికి వీరయ్య బండి తిప్పాడు. హుజూర్‌నగర్ దాటాక మిర్యాలగూడ బస్సు ఒకటి ఎదురొచ్చి దుమ్ము కొట్టిపోయింది. రెండుంబావుకు కోదాడలో స్టూడియో ముందు ఆగాడు.

స్టూడియో యజమాని సత్తయ్య కౌంటరు దగ్గర అరటిపండు తింటున్నాడు. వీరయ్య సంగతి చెప్పకుండా, గరిడేపల్లి పెళ్లి వీడియో ఎవరు చేశారని మాత్రం అడిగాడు.

"తీసింది నేనే సార్. మిక్సింగ్, అదే ఎడిటింగ్, మా ఉపేందర్ చేశాడు. పెళ్లిళ్లకు రాడండీ వాడు, పగలంతా పైన గదిలోనే ఉంటాడు. మూడేళ్ల నుంచి పనీ అక్కడే, పడకా అక్కడే. ఒక్కమాట ఎక్కువ మాట్లాడడు. బంగారంలాంటి పనోడు."

"ఇప్పుడు ఉన్నడా?"

"లేడండీ. గది చూస్తారా?"

గదికి కిటికీ లేదు. మూడు గోడలకు నల్లగుడ్డ. ఒక చాప, ఒక పళ్లెం, ఒక గ్లాసు, పావుకిలో బియ్యం ఉడికే కుక్కరు. కంప్యూటరు ముందు రెండు కుర్చీలు. ఒకదాని సీటు అరిగి గుంటపడింది. రెండోది కొత్తది. ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. దాన్ని తెరకు సరిగ్గా ఎదురుగా పెట్టి, చేతులు ఆనేచోట పసుపుపచ్చని తువ్వాలు పరిచి ఉంది.

"ఈ కుర్చీ ఎవరిది?"

"తెలియదండీ. నేను కొనలేదు."

వీరయ్య దాన్ని కదిలించకుండా పక్కన నిలబడ్డాడు. ఆ తువ్వాలు అతనికి కొంచెం తెలిసినట్టే అనిపించింది. తన గదిలోనూ భార్య కూర్చునే కుర్చీ అట్లాగే ఉంది. కాకపోతే అందులో ఒకప్పుడు మనిషి కూర్చుంది.

సత్తయ్య కంప్యూటరు తెరిచాడు. ఒక ఫోల్డరు నిండా సినిమాలు, నలభై మూడు. అన్నీ ఒక్క రకమే: పిల్ల వద్దంటుంది, వాడు వదలడు. వీరయ్య ఒక్కొక్కదాన్నీ చివరికి జరిపి చూడమన్నాడు. మూడు చూశాక సత్తయ్య చెయ్యి ఆగింది.

"ఇవి పూర్తిగా లేవండీ. పిల్లను ఎత్తుకెళ్లేదాకా ఉంచి, తర్వాత కోసేశాడు."

"అన్నీ గట్లనే ఉన్నయా సూడు."

ఉన్నాయి. వాడు చచ్చే చోటు ఏ ఒక్కదానిలోనూ లేదు. ఇరవై నిమిషాలు, పాతిక నిమిషాలు, కత్తిరించి పారేశాడు.

"గరిడేపల్లిది పెట్టు."

మూడు గంటల పెళ్లి వీడియో ఉంది. దాని పక్కన ఇంకోటి ఉంది, సత్తయ్య ఎప్పుడూ చూడనిది. గంటా పన్నెండు నిమిషాలు. మొదట్లోనే నీలం గోడ ముందు అఖిల ఆవులించింది. తెర మూలన కెమెరా టైము పడి ఉంది: 4.10. తలంబ్రాల దగ్గర పెళ్లికొడుకు లేడు. మిక్సింగ్ చేసినవాడు బొమ్మను పెద్దది చేసి, పెళ్లికొడుకు తెర అంచు అవతలికి పోయేలా జరిపాడు. అఖిల కుడివైపు చూసి నవ్వింది. మరుక్షణం తెర మీద ఇంకో ముఖం. నల్లగుడ్డ ముందు కూర్చున్న సన్నటి యువకుడు ఎడమవైపు చూస్తున్నాడు. మెల్లగా నవ్వాడు. మళ్లీ అఖిల. మళ్లీ అతను. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటున్నట్టే ఉంది.

"ఉపేందరే," అన్నాడు సత్తయ్య. "ఇదేం పనండీ..."

గంటా పన్నెండు నిమిషాల తర్వాత, తెర కింద ఎడిటింగ్ పట్టీ మీద ఖాళీ జాగా వదిలి ఉంది. సరిగ్గా ఇరవై నిమిషాలు. దాని మీద ఒక్క మాట కొట్టాడు: క్లైమాక్స్.

"వీడు ఇవాళ ఏడికి పోయిండు?"

"మిర్యాలగూడ వెళ్లాడండీ, ఒంటిగంట బస్సుకు. ఆ పిల్లదే ఆల్బమ్ నిన్న ప్రింటై వచ్చింది. అత్తగారింట్లో ఇవ్వాలి. పగలు ఎప్పుడూ గడప దాటనోడు, నేను ఇచ్చొస్తానన్నాడు. నాకూ ముచ్చటేసి అడ్రసు రాసిచ్చాను." సత్తయ్య కిందికి పరుగెత్తి, బీరువా తెరిచి, మెట్ల మీదనుంచే చెప్పాడు. "సార్, చిన్న కెమెరా ఒకటి లేదండీ. స్టాండు కూడా."

రెండు నలభై. ఎదురొచ్చిన బస్సు వీరయ్య కళ్లముందు మళ్లీ దుమ్ము లేపింది. అఖిల నంబరు నొక్కాడు. మోగింది. ఎత్తలేదు. మహేశ్వర్‌కు చేశాడు. నాలుగు మాటల్లో చెప్పాడు.

"అది నల్గొండ జిల్లా అన్నా. నా చేతిల లేదు. ఆమె కంప్లైంట్ ఉన్నదా?"

"ఆమెకు తెలిస్తే గద కంప్లైంట్ ఇచ్చేది."

"రిమాండ్ కాయితాలు ముంగట పెట్టుకొని కూసున్న. ఇప్పుడు తప్పు మనిషని నేనెట్ల రాయాలె?"

"తర్వాత రాద్దువు. ముందు మిర్యాలగూడకు ఫోన్ కొట్టు. మిల్లు పక్కన, యాదయ్య అల్లుని ఇల్లు, అడ్రసు పంపుతున్న. మహేశ్వర్, నీకు నేనెప్పుడు ఏది అడగలేదు."

అవతల కాగితాలు పక్కకు జరిపిన చప్పుడైంది. "కొడత," అన్నాడు మహేశ్వర్. "పది నిమిషాలు పడతది."

రెండు నలభై అయిదుకు వీరయ్య ఫోనే మోగింది. వెనక మిల్లు చప్పుడు.

"ఎవరు సార్, ఈ నంబరుకెల్లి రెండుసార్లు వచ్చింది?"

"అఖిలా? నేను మీ నాయిన పంపిన మనిషిని. ఇంట్ల ఎవరున్నరు బిడ్డా?"

"ఆయన మిల్లుకు పోయిండు. మా అత్త పొలం కాడికి పోయింది. ఆల్బమ్ అన్న వచ్చి కూసున్నడు. పాపం, కోదాడకెల్లి ఎండల వచ్చిండని చాయ్ పెడుతున్న." ఆమె నవ్వింది. వీరయ్య ఇందాక తెర మీద విన్న నవ్వే. "నా ఒక్కదానియి కొన్ని షాట్లు తక్కువ పడ్డయట సార్. పెండ్లి చీర కట్టుకోమన్నడు. కట్టుకున్న. గిప్పుడే కెమెరా నిలవెడుతుండు."

వీరయ్య గొంతు పెంచలేదు. "బిడ్డా, నేను చెప్పేది ఇను. మొఖం మార్సకు. నవ్వుకుంటనే ఉండు. వాడు నీ కోసం నెలరోజులు నవనీత గేటు కాడ తిరిగినోడు. మంచోడు కాదు. వాకిలి ఎంత దూరం?"

పొయ్యి మీద చాయ్ పొంగిన చప్పుడు వినబడింది. "పది అడుగులు," అంది చిన్నగా.

"తలల పూలు లేవు, పక్కింట్ల అడిగి తెచ్చుకుంట అని గట్టిగ అను. ఫోన్ చెవి కాడనే పెట్టుకో. బయట పడ్డంక ఉరుకు. మిల్లు గేటు లోపలికే ఉరుకు."

కోదాడకూ ఆమెకూ మధ్య యాభై కిలోమీటర్ల పైన దారి. వీరయ్య నిలబడ్డచోటే నిలబడి ఆమె అడుగులు లెక్కపెట్టాడు. ఒకటి. రెండు. చీర బరువుకు మెట్టెల చప్పుడు నిదానంగా వస్తోంది. నాలుగు. అయిదు.

"అన్నా," అంది అఖిల. గొంతులో నవ్వు తెచ్చుకుంది. "తలల పూలు లేకుంటే ఫొటో మంచిగ రాదు. పక్కింట్ల అడిగి తెచ్చుకుంట, ఒక్క నిమిషం."

ఆరు. ఏడు.

అప్పుడు ఆ గొంతు మొదటిసారి వినిపించింది. చాలా మెత్తగా, ఎవరితోనూ మాట్లాడి అలవాటులేని మనిషి గొంతులా ఉంది.

"పూలు నేను తెచ్చిన."

మిల్లు చప్పుడు ఒక్కసారిగా తగ్గిపోయింది. ఆ వెంటనే లోపలినుంచి తలుపు గడియ పడింది.